బొమ్మ కంటే ముందు రాయి: అఫ్రొడైటీ వెనక ఉన్న చరిత్ర

అఫ్రొడైటీ అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది ఒక పాలరాతి బొమ్మ. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో చేతులు విరిగిపోయి నిలబడి ఉంటుందే, అదే. 1820లో మీలోస్ అనే గ్రీకు దీవిలో దొరికింది. ఆ ఫొటో చూసి "గ్రీకుల ప్రేమదేవత, అందానికి అధిదేవత" అనుకుని అక్కడితో వదిలేస్తాం. కానీ ఈ దేవతకు అందరికంటే పేరున్న గుడి సైప్రస్ దీవిలోని పాఫోస్‌లో ఉండేది, ఆ గుడిలో బొమ్మే లేదు. ఉన్నది ఒక రాయి.

ఈ సంగతి రాసిపెట్టినవాడు రోమన్ చరిత్రకారుడు టాసిటస్. క్రీ.శ. 69లో టైటస్ (అప్పటికి ఇంకా చక్రవర్తి కాలేదు) ఓడలో వెళ్తూ పాఫోస్‌లో ఆగి, ముందు తన ప్రయాణం గురించీ, ఆ తర్వాత తన భవిష్యత్తు గురించీ దేవతను అడిగించుకున్నాడు. ఆ సందర్భంలో టాసిటస్ గుడిని వర్ణిస్తాడు. దేవత రూపం మనిషి రూపం కాదు, కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడే ఒక గుండ్రటి రాయి అంటాడు. ఎందుకలా ఉందో కారణం తెలియదు అని కూడా అంటాడు. బలిపీఠం మీద నెత్తురు చుక్క పడకూడదట, ప్రార్థనలూ స్వచ్ఛమైన అగ్నీ మాత్రమే. పైకప్పు లేకపోయినా ఆ పీఠం వానకు తడవదని జనం నమ్మేవాళ్లట. రోమన్ కాలం నాణేల మీద ఈ గుడి ముద్ర ఉంది, మధ్యలో ఆ శంకువు ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు కూక్లియా అని పిలిచే ఆ ఊళ్లోని మ్యూజియంలో అలాంటి నల్లటి రాయి ఒకటి ఈ రోజుకీ ఉంది. రాయిలో దేవుణ్ణి చూడడం మనకు కొత్త కాదు కాబట్టి ఇది మనకు చప్పున అర్థమవుతుంది. పాలరాతి బొమ్మలతో పెరిగిన యూరప్ వాళ్లకే ఇది మింగుడుపడడానికి టైమ్ పట్టింది.

మరి ఆ రాయి ఆడదాని శరీరంగా ఎప్పుడు మారింది? ఆ శరీరం చుట్టూ ఇన్ని కథలు, ముఖ్యంగా "ఆమె గుళ్లో వేశ్యలుండేవాళ్లు" అన్న మాట, ఎక్కణ్ణుంచి వచ్చాయి? అసలు విషయం ఇదే.

మొదట్నుంచీ చూద్దాం. క్రీ.పూ. 2వ సహస్రాబ్దికి చెందిన గ్రీకు మట్టి పలకలు, లీనియర్ బి లిపిలోవి, ఇప్పటిదాకా చదివినవాటిలో దేవతల రాజు జ్యూస్ పేరుంది, సముద్ర దేవుడు పొసైడన్ పేరుంది, అఫ్రొడైటీ పేరు మాత్రం లేదు. అదే కాలంలో తూర్పున మెసొపొటేమియాలో ఇనాన్నా లేదా ఇష్తార్, సిరియా తీరంలో అస్తార్తే అనే దేవతలున్నారు. వాళ్లు కామానికీ యుద్ధానికీ కూడా దేవతలు, శుక్ర గ్రహం వాళ్ల నక్షత్రం. సైప్రస్ ఈ రెండు లోకాలకూ మధ్య ఉన్న దీవి, రాగి కోసం అందరి ఓడలూ అక్కడ ఆగేవి. పాఫోస్ గుడి క్రీ.పూ. 1200 ప్రాంతంలోది. అక్కడి శాసనాల్లో ఆమెను చాలాకాలం అఫ్రొడైటీ అనలేదు, "వనస్సా" అన్నారు. అంటే ఏలిక, రాణి, మన భాషలో చెప్పాలంటే దొరసాని. పాఫోస్ రాజు ఆ రాణమ్మకు పూజారి కూడా. గ్రీకులకే ఈ తూర్పు చుట్టరికం తెలుసు: సైప్రస్ గుడి సిరియా వైపు ఉన్న అస్కలోన్ గుడి నుంచి పుట్టిందని సైప్రస్ వాళ్లే చెప్పుకుంటారని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఆమె పూర్తిగా తూర్పు నుంచి వచ్చిందా, స్థానిక దేవత తూర్పు రంగు పూసుకుందా అని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నాకైతే సైప్రస్‌లోనే రెండూ కలిసిపోయాయన్న మాట సరిగ్గా అనిపిస్తుంది.

ఇక్కడ మనకు నిజంగా తగిలే ఒక ముడి ఉంది. ఇష్తార్ గ్రహాన్ని గ్రీకులు అఫ్రొడైటీ గ్రహం అన్నారు, ఏడు గ్రహాలకు ఏడు రోజులు పంచినప్పుడు ఒక రోజు ఆమెకు వచ్చింది. గ్రహాల పేర్లతో వారాలు లెక్కపెట్టే ఆ పద్ధతి గ్రీకు-రోమన్ జ్యోతిషంతో పాటు క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో మన దేశానికి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. మన శుక్రవారం వాళ్లకు అఫ్రొడైటీ వారం. మనకు శుక్రుడు మగవాడు, రాక్షసుల గురువు. గ్రహం ఒకటే, కథలు వేరు. శుక్రవారం లక్ష్మీపూజ చేస్తాం కాబట్టి ఇద్దరూ ఒకటే అని చుట్టరికం కలపకండి, అంత ఆధారం లేదు.

పుట్టుక కథలు రెండున్నాయి, రెండూ ఒకదానికొకటి పొసగవు. గ్రీకు కవి హెసియడ్ చెప్పింది క్రూరంగా ఉంటుంది: క్రోనస్ అనే దేవుడు తన తండ్రి అయిన ఆకాశుడి అంగాన్ని కొడవలితో కోసి సముద్రంలో పారేస్తాడు, దాని చుట్టూ తెల్లటి నురగ లేస్తుంది, ఆ నురగలో ఒక పిల్ల పెరుగుతుంది. ముందు కిథెరా దీవి పక్కగా వచ్చి, తర్వాత సైప్రస్‌లో ఒడ్డెక్కుతుంది, ఆమె అడుగు పడ్డచోట పచ్చిక మొలుస్తుంది. ఇంకో కవి హోమర్ మాత్రం ఇవేమీ చెప్పడు, ఆమె జ్యూస్‌కూ డియోనీ అనే దేవతకూ పుట్టిన కూతురు, అంతే. గ్రీకులు ఈ రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలని టెన్షన్ పడలేదు, ఊరికో కథ ఉండనిచ్చారు.

హోమర్ ఆమెను కొంచెం చిన్నబుచ్చాడనే చెప్పాలి. ట్రాయ్ యుద్ధం గురించిన ఆయన కావ్యం ఇలియడ్‌లో కొడుకు ఈనియాస్‌ను కాపాడుకోవడానికి ఆమె యుద్ధంలోకి దిగితే గ్రీకు వీరుడు డయొమీడిస్ ఈటెతో ఆమె చేతిని పొడుస్తాడు. ఏడుస్తూ తల్లి ఒళ్లోకి పరుగెత్తుతుంది, జ్యూస్ నవ్వి "యుద్ధం నీ పని కాదమ్మా, పెళ్లిళ్ల సంగతి చూసుకో" అన్నట్టు మాట్లాడతాడు. ఆయన ఇంకో కావ్యం ఒడిస్సీలో ఆమె యుద్ధ దేవుడు ఆరిస్‌తో పడుకుని ఉండగా భర్త హెఫైస్టస్ వల పన్ని పట్టుకుంటాడు, మగదేవుళ్లు చూసి నవ్వుతారు. బడి పుస్తకాల ద్వారా లోకమంతా చదివింది ఈ ఘట్టాలే. కానీ గుళ్లో కథ వేరు. స్పార్టాలో అఫ్రొడైటీ విగ్రహం ఆయుధాలు ధరించి ఉండేదని క్రీ.శ. 2వ శతాబ్దంలో ఊరూరా తిరిగి చూసి రాసిన పౌసానియస్ చెబుతాడు. కిథెరాలోనూ అంతే, కొరింత్ నగరం కొండ మీదా అంతే. క్రీ.పూ. 600 ప్రాంతంలో లెస్బోస్ దీవిలో సాఫో రాసిన ప్రార్థన చూడండి. పిచ్చుకలు లాగే రథంలో దిగి రమ్మని పిలుస్తుంది, నా మనసు కోరింది నెరవేర్చమంటుంది, చివర్లో నా పక్కన నిలబడి పోరాడే తోడువి కమ్మంటుంది. సాఫో అక్కడ వాడింది యుద్ధంలో మిత్రపక్షాన్ని పిలిచే మాట. ప్రేమను ఆ మాటతో అడిగింది ఒక స్త్రీ, అడిగింది ఒక దేవతను.

ఊరి వ్యవహారాల్లో కూడా ఆమె పాత్ర పెద్దదే. ఏథెన్స్‌లో అక్రొపొలిస్ కొండ కింద "పండేమోస్" అఫ్రొడైటీ గుడి ఉండేది. పండేమోస్ అంటే జనమందరిదీ అని. చెల్లాచెదురుగా ఉన్న పల్లెలను పురాణాల్లోని రాజు థీసియస్ ఒకే నగరంగా కలిపినప్పుడు ఈ పూజ మొదలుపెట్టాడని అక్కడ చెప్పుకునేవాళ్లు. మనుషుల్ని ఒకరికొకరిని కలిపే శక్తి మంచంతో ఆగిపోదు, ఊరినీ కలుపుతుంది, అదీ వాళ్ల లెక్క. క్రీ.పూ. 3వ శతాబ్దపు శాసనం ఒకటి ఈ గుడి ఊరేగింపుకి ముందు అధికారులు ఏమేం చేయాలో చెబుతుంది: ఆవరణ శుద్ధికి ఒక పావురాన్ని తేవాలి, బలిపీఠాలకు పూత పూయాలి, విగ్రహాలను కడగాలి, ఊదా రంగు సిద్ధం చేయాలి. మున్సిపాలిటీ పనుల జాబితాలా ఉంటుంది ఇది, నాకు అందుకే ఇష్టం. చాలా ఊళ్లలో పదవి నుంచి దిగిపోయే అధికారులు ఆమెకు కానుకలిచ్చేవాళ్లు, పదవిలో ఉన్నంతకాలం తోటివాళ్లతో పేచీ లేకుండా గడిచినందుకు. ప్లేటో రాసిన విందు సంభాషణలో ఒక పాత్ర లేచి అఫ్రొడైటీలు ఇద్దరు, స్వర్గపు ఆమె ఉత్తమురాలు, పండేమోస్ నీచమైనది అని చెప్పేసరికి, "జనమందరిదీ" అన్న గొప్ప మాటకి "బజారుది" అన్న అర్థం అంటుకుంది. నాకు ఇది చాలా బాధగా అనిపించే మలుపు.

సముద్రం మీద బతికేవాళ్లకు ఆమె "యూప్లోయా", అంటే ఓడ క్షేమంగా చేర్చే తల్లి. క్రీ.పూ. 394లో క్నిడోస్ అనే గ్రీకు ఊరి దగ్గర నౌకాయుద్ధం గెలిచాక ఏథెన్స్ సేనాని కోనన్ తన ఊరి రేవు పిరేయస్‌లో ఆమెకు గుడి కట్టించాడు.

ఆడవాళ్లు తమకోసం తాము చేసుకున్న పండుగ మాత్రం అడోనియా. అఫ్రొడైటీ ప్రేమించిన అందగాడు అడోనిస్ అడవిపంది దాడిలో చనిపోతాడు. ఆ పేరే తూర్పు భాషల్లోని "అదోన్", అంటే ప్రభువు. ఏథెన్స్ ఆడవాళ్లు పగిలిన కుండ పెంకుల్లో మట్టి వేసి లెట్యూస్, సోంపు లాంటి విత్తనాలు చల్లి నిచ్చెనెక్కి ఇంటి కప్పు మీద పెట్టేవాళ్లు. ఎండకు గబగబా మొలిచి, వేళ్లు దిగే చోటులేక అంతే గబగబా వాడిపోయేవి. గుండెలు బాదుకుని ఏడ్చి, ఆ మొలకలను బొమ్మలతో పాటు నీళ్లలో వదిలేవాళ్లు. దీనికి ప్రభుత్వం పైసా ఇవ్వలేదు, పూజారి లేడు, గుడి లేదు, ఇరుగుపొరుగు ఆడవాళ్లే అన్నీ. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి నౌకాదళం బయల్దేరే రోజుల్లో వీధుల్లో ఈ ఏడుపులు వినిపించి మగవాళ్లు అపశకునమని భయపడ్డారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆ దళం తిరిగి రాలేదు.

ఇక బొమ్మ సంగతి. క్రీ.పూ. 4వ శతాబ్దం మధ్యదాకా గ్రీకులు అఫ్రొడైటీని గుడ్డలతోనే చెక్కారు. నగ్న విగ్రహం మగవాళ్లకే. అప్పుడు ప్రాక్సిటెలీస్ అనే శిల్పి రెండు విగ్రహాలు చేశాడని రోమన్ రచయిత ప్లినీ చెబుతాడు, ఒకటి బట్టలతో, ఒకటి లేకుండా. కోస్ దీవివాళ్లు మర్యాదగా బట్టలున్నది కొనుక్కున్నారు, మిగిలింది క్నిడోస్ వాళ్లు తీసుకున్నారు. దాన్ని చూడడానికి జనం ఓడలెక్కి వచ్చారు. నికొమిడీస్ రాజు మీ ఊరి అప్పంతా తీరుస్తాను, బొమ్మ నాకివ్వండి అన్నా క్నిడోస్ వాళ్లు ఇవ్వలేదు. అసలు విగ్రహం ఇప్పుడు లేదు, రోమన్ కాలపు నకళ్లే మిగిలాయి, కానీ ఆ తర్వాత వచ్చిన నగ్న వీనస్ (అఫ్రొడైటీకి రోమన్ల పేరు) విగ్రహాలన్నిటికీ మూలం అదే. అంటే పాఫోస్‌లో రాయిని కొలవడం మొదలై దాదాపు ఎనిమిది వందల ఏళ్లయ్యాక వచ్చిన రూపాన్ని పట్టుకుని, ఇదే అఫ్రొడైటీ అనుకుంటున్నాం మనం.

కొరింత్ గుడి గురించిన మాట దీనికంటే ఎక్కువ నష్టం చేసింది. ఒకప్పుడు కొరింత్‌లోని అఫ్రొడైటీ గుడికి వెయ్యి మందికి పైగా వేశ్యలు దాసీలుగా ఉండేవాళ్లని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అయితే ఆయన రాసేనాటికి పాత కొరింత్ లేదు, క్రీ.పూ. 146లోనే రోమన్ సైన్యం దాన్ని నేలమట్టం చేసింది. కొండ మీద ఉన్నది చిన్న గుడి అని స్ట్రాబోనే చెబుతాడు. ఆ వెయ్యి సంఖ్య మాత్రం రెండు వేల ఏళ్లుగా ఒకరి పుస్తకంలోంచి ఇంకొకరి పుస్తకంలోకి నడుస్తూనే ఉంది. బాబిలోన్‌లో ప్రతి స్త్రీ జీవితంలో ఒకసారి గుడి దగ్గర పరాయివాడితో పడుకోవాలని హెరోడోటస్ రాసినదాన్ని దీనికి జతచేశారు. అలాంటి ఆచారానికి అక్కడి మట్టి పలకల్లో గట్టి ఆధారం దొరకలేదు. 2008లో స్టెఫనీ బుడిన్ అనే పరిశోధకురాలు ఈ "పవిత్ర వ్యభిచారం" అనేదే ప్రాచీన లోకంలో లేదని, తప్పుగా చదివిన వాక్యాల మీద కట్టిన కథ అని ఒక పుస్తకమే రాసింది. అందరూ ఒప్పుకోలేదు. ఎందుకంటే క్రీ.పూ. 464లో ఒలింపిక్స్ గెలిచిన కొరింత్ వాడు జెనొఫోన్ అఫ్రొడైటీకి మొక్కి వంద మంది అమ్మాయిలను తెచ్చాడని కవి పిండార్ పాట ఉంది. వాళ్లను గుడికిచ్చాడా, గెలుపు విందుకి తెచ్చాడా అన్నదాని మీదే వాదన. ఏదైనా కానీ, ఆ అమ్మాయిలను అడిగి తెచ్చి ఉండడు. వాదించుకునేటప్పుడు నాకు ముందు గుర్తుకు రావాల్సింది వాళ్లే అనిపిస్తుంది.

ఈ కథ మన దాకా కూడా వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో ప్రాచీన మతాల మీద పుస్తకాలు రాసిన బ్రిటిష్ పండితుడు జేమ్స్ ఫ్రేజర్ అడోనిస్ గురించి రాస్తూ దక్షిణ భారత దేవదాసీలను తెచ్చి పాఫోస్, బాబిలోన్ కథల పక్కన పెట్టాడు, అన్నీ ఒకే పాత మతానికి మిగిలిన ముక్కలన్నట్టు. అలా కలిపేస్తే ఎవరు ఎవరికి ఏం చేశారన్నది కనబడకుండా పోతుంది. జోగినిగా మార్చిన పిల్లది ఏ కులం, ఆమెను వాడుకున్నది ఊళ్లో ఎవరు అన్నది చూడాలి. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది ఆ పిల్లల కోసం, వాళ్ల పక్కన గ్రీకు దేవత నీడ పెట్టి పురాతన ఆచారం అని సరిపెట్టడం అన్యాయం.

రోమ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేతిలో దెబ్బతిన్నాక రోమన్లు సిసిలీలోని ఎరిక్స్ కొండ వీనస్‌ను తెచ్చుకుని క్రీ.పూ. 215లో గుడి అంకితం చేశారు. రోమన్లు తమ మూలపురుషుడని నమ్మిన ఈనియాస్ ద్వారా తాను వీనస్ వంశంవాణ్ణని చెప్పుకునే జూలియస్ సీజర్ క్రీ.పూ. 46లో "తల్లి వీనస్" గుడి కట్టించాడు. డయొమీడిస్ ఈటెకు ఏడ్చిన ఆమె, ఒక సామ్రాజ్యానికి అమ్మమ్మ అయింది.

పాఫోస్ గుడి 4వ శతాబ్దపు భూకంపాల దెబ్బ తిన్నది, ఆ శతాబ్దం చివర్లో థియొడోసియస్ చక్రవర్తి పాత దేవతల పూజలన్నీ నిషేధించాడు. మధ్యయుగంలో కూక్లియాలో చెరకు పండించి చక్కెర తయారు చేశారు, గుడి రాళ్లు ఆ కట్టడాల్లోకి వెళ్లిపోయాయి. 1980లో యునెస్కో పాఫోస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. శిథిలాల పక్కనే మేరీమాత చర్చి ఒకటి ఉంది, దాన్ని ఒకప్పుడు ఊళ్లో "పనగియా అఫ్రొడైటిస్సా" అనేవాళ్లు. పనగియా అంటే మేరీమాత, పక్కన పాత దేవత పేరు. ఆ ఊరి రైతు జనం మేరీమాత పేరు మీద పాత గుడి మూలల్లో మిగిలిన పెద్ద రాళ్లకు నూనె రాసేవాళ్లని ఫ్రేజర్ పుస్తకంలోనే ఉంది.