చిన్న చిలుకకు తక్కువ ఖర్చులో పంజరం: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో గానీ, కరీంనగర్‌లో గానీ పిట్టల దుకాణానికి వెళ్లినవాళ్లు ముందు పిట్టను ఎంచుకుంటారు. రంగు నచ్చాక బేరమాడతారు. పంజరం మాట చివర్లో వస్తుంది, చేతిలో మిగిలిన డబ్బుకు ఏది దొరికితే అది పట్టుకొస్తారు. కానీ ఆ పిట్టకు ఇక ఇల్లూ వాకిలీ అదే. బడ్జీ (మన దగ్గర లవ్ బర్డ్ అని అమ్మే చిన్న చిలుక) అయితే 5 నుంచి 10 ఏళ్లు, తల మీద కుచ్చుండే కాకటీల్ అయితే 15 ఏళ్లకు పైనే అందులో గడపాలి.

తక్కువలో మంచి పంజరం దొరకదని కాదు. డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు. పొడవు, కడ్డీల మధ్య సందు, తీగ మీది పూత: ఈ మూడింట్లో రాజీ పడొద్దు. కూర్చునే కర్రలు, ఆటవస్తువులు, గిన్నెలు, కప్పే గుడ్డ ఇంట్లోంచీ పెరట్లోంచీ వచ్చేవే.

అపోహ: చిలుకంటే రామచిలుకే, దానికి సరిపడే పంజరం కొంటే చాలు.

వాస్తవం: రామచిలుకకు సరైన పంజరమే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. పిల్లప్పటి నుంచి చేత్తో తినిపించి పెంచామన్నా, జోస్యం చెప్పేవాళ్ల దగ్గర కొన్నామన్నా చట్టం ఒప్పుకోదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. జాలిపడి డాబా మీద వదిలేయకండి. ఎగరడం అలవాటు లేని పిట్ట సాయంత్రంలోగా కాకులకో పిల్లికో చిక్కుతుంది.

ఇక్కడ మేం మాట్లాడేది విదేశీ జాతులైన బడ్జీ, లవ్ బర్డ్, కాకటీల్ గురించే. కన్యూర్‌ల (దక్షిణ అమెరికా చిలుకలు) వంటి వాటిని పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

అపోహ: లవ్ బర్డ్స్ అన్నీ ఒకటే, ఒకే పంజరం సరిపోతుంది.

వాస్తవం: మన దగ్గర లవ్ బర్డ్స్ అని పిలిచేవి చాలావరకు బడ్జీలు. ఆస్ట్రేలియా పిట్ట, 30 నుంచి 40 గ్రాముల బరువు, వీపు మీద అలల్లాంటి నల్లని చారలు, ఈకల్లో సగం దాగిన చిన్న ముక్కు, పొడుగు తోక. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది. పొట్టి తోక, కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద ముక్కు, 50 గ్రాముల దరిదాపు బరువు.

తూకంలో తేడా కొంచెమే, ముక్కు బలంలో మాత్రం చాలా ఉంది. బడ్జీ ఏళ్ల తరబడి ముట్టని ప్లాస్టిక్ గిన్నె అంచును లవ్ బర్డ్ వారంలో కొరికి ముక్కలు చేస్తుంది. సన్నని జాలి తీగను మెలిపెట్టి వదులు చేస్తుంది. కాకటీల్ 30 సెంటీమీటర్లకు పైగా పొడవుంటుంది, అందులో సగం తోకే. కాబట్టి దుకాణంలో "లవ్ బర్డ్స్ పంజరం" అని అడగకండి. పిట్ట పేరు చెప్పి, కొలతలు చెప్పి అడగండి.

అపోహ: ఎత్తుగా, గోపురంలా గుండ్రంగా ఉన్న పంజరం అందమైనదీ, మంచిదీ.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేదీ, పిట్టకు అన్నిటికంటే పనికిరానిదీ ఇదే. చిలుక జాతి పిట్టలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి అడ్డంగా ఎగురుతాయి, నిట్టనిలువుగా లేవవు. మూడడుగుల ఎత్తు, అడుగు వెడల్పు ఉన్న పంజరంలో పైసగం వృథా. రెక్క విప్పితే రెండు పక్కలా కడ్డీలకు తగులుతుంది. గోపురం పైన కడ్డీలన్నీ ఒక చోట కలుస్తాయి, కిందికి సందు పెద్దది, పైకి పోనుపోను సన్నం. పైకి పాకే పిట్ట కాలి వేలో, ముక్కో ఆ సన్న సందులో ఇరుక్కుంటుంది. బెదిరినప్పుడు వెనక్కి నక్కడానికి మూల కూడా ఉండదు.

ఒక్క బడ్జీకి కనీసం 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు. జతకు 30 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు. కాకటీల్‌కు 24 అంగుళాల పొడవుకు తగ్గితే తీసుకోకండి, 36 ఉంటే ఇంకా మేలు. ఇవి కనీస కొలతలు. అదే ధరకు ఎత్తు తగ్గి పొడవు పెరిగే పంజరం కనిపిస్తే కళ్లు మూసుకుని పొడవుదే తీసుకోవచ్చు. రెండు పక్కలైనా కడ్డీలు అడ్డంగా ఉన్నాయేమో చూడండి, పాకడానికి అవే ఆసరా.

అపోహ: తల పట్టని సందైతే చాలు, కంటితో చూస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: కంటి అంచనా మోసం చేస్తుంది. బడ్జీకి, లవ్ బర్డ్‌కు కడ్డీల మధ్య అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల చిల్లర, మించకూడదు. కాకటీల్‌కు ముప్పావు అంగుళం, 19 మిల్లీమీటర్ల దాకా పర్వాలేదు. అర అంగుళం సందు మూడింటికీ సరిపోతుంది. కుందేళ్లకో కోళ్లకో చేసిన అంగుళం సందు పంజరం చవగ్గా దొరుకుతుంది గానీ, బడ్జీ తల అందులో దూరుతుంది. దూరాక వెనక్కి లాక్కునేటప్పుడు దవడ ఎముక అడ్డం పడుతుంది. కొట్టుకుని కొట్టుకుని మెడ విరిగి చనిపోయే ప్రమాదం ఉంది.

దుకాణంలో స్కేలు లేకపోతే గోడ గడియారంలో వేసే ఏఏ సెల్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. దాని మందం 14 మిల్లీమీటర్లకు పైనే. కడ్డీల మధ్య అది అడ్డంగా దూరి అవతల పడిందంటే బడ్జీకి ఆ పంజరం వద్దు. ఒక్క చోట చూసి ఊరుకోకండి. తలుపు అంచు, ట్రే పైన, గిన్నె పెట్టే కిటికీ పక్క, మూల మడతల దగ్గర సందు పెరిగి ఉంటుంది. తర్వాత రెండు కడ్డీలను రెండు బొటనవేళ్లతో పట్టి ఎడంగా లాగండి. వేళ్ల బలానికే వంగిపోయి సెల్ పట్టేంత సందు ఏర్పడితే లవ్ బర్డ్ ముక్కుకు అది ఎన్నాళ్లో ఆగదు.

అపోహ: జాలి కొని ఇంట్లోనే కట్టుకుంటే చవక, ఏ జాలి అయినా పంజరమే.

వాస్తవం: చవక అన్నది నిజం. ఏ జాలి అయినా అన్నది ప్రమాదం. మార్కెట్లో దొరికే తెల్లని మెరుపు జాలికి తుప్పు పట్టకుండా జింకు పూత వేస్తారు. కొత్త జాలిని దగ్గరగా చూస్తే అతుకుల దగ్గర చిన్న చిన్న గింజల్లా పేరుకున్న పూత, తెల్లని పొడి కనిపిస్తాయి. చిలుక ముక్కునే మూడో కాలులా వాడి పాకుతుంది కాబట్టి ఆ పొడి నేరుగా కడుపులోకి పోతుంది. జింకు విషం ఎక్కితే పిట్ట తిన్నది కక్కుతుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట నీళ్లగా ఆకుపచ్చగా అవుతుంది, ఒళ్లు పొంగించుకుని సోలిపోతుంది. ఆ లక్షణాలు కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

జాలి కొన్నాక వెనిగర్‌లో ముంచిన గట్టి బ్రష్‌తో రెండు వైపులా, ముఖ్యంగా అతుకుల దగ్గర, రుద్దండి. మంచినీళ్లతో బాగా కడిగి, కొన్ని వారాలు ఎండకూ వానకూ బయట ఉంచి, మళ్లీ ఒకసారి రుద్ది కడగండి. దీనితో ప్రమాదం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. అందుకే తీగ కొరకడం తక్కువ ఉన్న బడ్జీలకు మాత్రమే ఈ జాలి. రోజంతా కొరికే లవ్ బర్డ్‌కు, కాకటీల్‌కు పౌడర్ కోటింగ్ పంజరమో, స్టెయిన్‌లెస్ స్టీల్ జాలో కొనండి. కొనే ముందు లోపలి మూలలో గోటితో గట్టిగా గీకి చూడండి. పెంకులా లేచి వస్తే అది మామూలు రంగు, పిట్ట దాన్ని తినేస్తుంది.

బడ్జీల జతకు 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర ఎత్తు పంజరం కట్టే లెక్క ఇది. 3 అడుగుల పన్నా ఉన్న జాలి 8.5 అడుగులు కొలిపించండి. గడి ఒక వైపు అర అంగుళం, ఇంకో వైపు అంగుళం ఉండాలి, తీగ 16 గేజీ, అంటే 1.6 మిల్లీమీటర్లు. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి, 20 గేజీ అంటగడితే తీసుకోవద్దు. 6 అడుగుల ముక్కను చెక్క పలక అంచుకు ఆనించి ప్రతి ఒకటిన్నర అడుగుకు మడిస్తే నాలుగు పక్కల పెట్టె వస్తుంది. తర్వాతి ఒకటిన్నర అడుగు ముక్కను సగానికి కత్తిరిస్తే రెండు చివరల మూతలు. మిగిలిన అడుగు తలుపుకు. తలుపు రంధ్రం ఒక వైపు 5 అంగుళాలు, ఇంకో వైపు 6 అంగుళాలు ఉండేలా కత్తిరించి, దాని మీద 7 అంగుళాలకు 8 అంగుళాల ముక్క బయటి నుంచి కప్పండి, చుట్టూ అంగుళం పట్టు దొరుకుతుంది.

అతుకులకు నల్లని కట్టు తీగ వాడకండి, తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ ట్యాగులు కొరికేస్తాయి. సన్నని స్టీలు తీగ వాడి కొనలు బయటికి మడవండి. కత్తిరించిన ప్రతి తీగ మొనను అడ్డతీగకు సమంగా కోసి ఆకురాయితో రుద్దాలి. వేలితో తడిమితే గుచ్చుకునే మొన ఒక్కటి మిగిలినా అది ఎప్పటికైనా పిట్ట కాలికి గుచ్చుకుంటుంది. అడుగున జాలి అలాగే ఉంచి, కింద ట్రేలో పేపరు పరిస్తే రెట్ట దానిలో పడుతుంది. రోజూ పేపరు మార్చడం తేలిక, రెట్ట రంగు మారితే వెంటనే కనిపిస్తుంది. రంపపు పొట్టు వద్దు, తడిస్తే బూజు పడుతుంది.

అపోహ: పిట్ట పడుకోవడానికి పంజరంలో మట్టి కుండ కట్టాలి.

వాస్తవం: బడ్జీలు కర్ర మీదే నిద్రపోతాయి. కుండ అంటే వాటికి గూడు. కుండ కనిపించగానే ఆడపిట్ట గుడ్లకు సిద్ధమవుతుంది, ఒక దఫా తర్వాత ఇంకో దఫా పెడుతూనే ఉంటుంది. ఒంట్లో కాల్షియం కరిగిపోతుంది, ఒక రోజు గుడ్డు బయటికి రాక ఇరుక్కుని చనిపోవచ్చు. పిల్లలు చేయించే ఉద్దేశం లేకపోతే కుండకు పెట్టే డబ్బు మిగిలినట్టే.

అపోహ: పంజరంతో పాటు వచ్చిన కర్రలు చాలు.

వాస్తవం: అవి నున్నని ప్లాస్టిక్ గొట్టాలు, అన్నీ ఒకే మందం. రోజంతా పాదంలో అదే చోట బరువు పడి, తోలు ఎర్రబడి, పుండవుతుంది. పెరట్లో జామ కొమ్మో, వేప కొమ్మో, మునగ కొమ్మో ఉంటే అంతకంటే మంచి కర్ర డబ్బు పెట్టినా దొరకదు. మందు కొట్టని చెట్టువి కోయండి. బడ్జీకి 12 మిల్లీమీటర్ల అటూ ఇటూ, కాకటీల్‌కు 20 దాకా మందం ఉండాలి, వంకరటింకరగా ఉంటే ఇంకా మంచిది. ఆకులు తీసి, సబ్బు లేకుండా బ్రష్‌తో కడిగి, రెండు మూడు రోజులు ఎండబెట్టండి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కొమ్మలు ఎట్టి పరిస్థితిలో వద్దు, అవి విషం. కర్ర కింద గిన్నె పెట్టకండి, గింజల్లో రెట్ట పడుతుంది. కాకటీల్ కర్ర వెనక గోడకు ఆరు అంగుళాల దూరం ఉంటే తోక ఈకలు విరగవు.

ఆటవస్తువులకు ఖర్చే అక్కర్లేదు. మక్క కంకి పొట్టు, తాటాకు ముక్కలు, కొర్ర కంకి వేలాడదీయండి, నమిలి నమిలి వదులుతాయి. దారపు పోగులు వేలాడే బొమ్మలు, సన్న చీలికలున్న గజ్జెలు మాత్రం వద్దు, వేళ్లు ఇరుక్కుంటాయి.

అపోహ: తలుపు మూస్తే మూసినట్టే.

వాస్తవం: చవక పంజరాల్లో తలుపు పైకి జరిపేది. లవ్ బర్డ్, కాకటీల్ ముక్కుతో దాన్ని ఎత్తడం త్వరగా నేర్చుకుంటాయి, కొన్నిసార్లు సగం ఎత్తాక మెడ మీద పడుతుంది. ప్రతి తలుపుకూ, గిన్నె కిటికీలకు కూడా, తాళంచెవుల రింగుకుండే స్టీలు కొక్కెం ఒకటి తగిలించండి. పిల్లి, ఎలుక తిరిగే ఇంట్లో ఇది తప్పనిసరి.

అపోహ: వాడిన పంజరం కొనకూడదు.

వాస్తవం: గట్టిదైతే నిరభ్యంతరంగా కొనవచ్చు, కడగడం సరిగ్గా ఉండాలి. పాత కర్రలన్నీ పారేయండి. సబ్బునీళ్లతో ఎండిన రెట్ట మొత్తం వదిలించి, ఒక వంతు బ్లీచ్, పది వంతుల నీళ్లు కలిపి తడిపి 10 నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఇదంతా ఆరుబయట, చేతికి తొడుగు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయండి. చిలుకల జబ్బు ఒకటి ఎండిన రెట్ట ధూళితో మనుషుల ఊపిరితిత్తులకూ అంటుతుంది. బ్లీచ్, వెనిగర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. తుప్పు పట్టినదీ, అతుకు ఊడినదీ ఎంత చవకైనా వదిలేయండి.

అపోహ: పంజరం ఎక్కడ వేలాడదీసినా ఒకటే, ఎత్తులో ఉంటే భద్రం.

వాస్తవం: వరంగల్‌లోనైనా రామగుండంలోనైనా మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల ఇంట్లో వేడి గాలి పైకి చేరి కప్పు కిందే నిలిచిపోతుంది, అక్కడే వేలాడే పంజరం కుంపటి అవుతుంది. ఎండాకాలం మన ఛాతీ ఎత్తుకు దించండి, ఒక వైపు గోడకు ఆనించండి. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని ఒగరుస్తుంటే వడ తగులుతున్నట్టే. మామూలు నీళ్లు చిలకరించి నీడలోకి మార్చండి, ఐసునీళ్లు వద్దు.

వంటింట్లో పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరికి పిట్టలు నిమిషాల్లో పోతాయి. దోమల చుట్ట, ఊదుబత్తి పొగ పక్కన ఉంచకండి, పంజరం దగ్గర ఫినాయిల్ వాడకండి.

చలికాలం ఆదిలాబాద్ వైపు రాత్రి ఒక్కంకె డిగ్రీలకు పడిపోతుంది. పాత నూలు చీరతో మూడు పక్కలూ కప్పి, ముందు పక్క తెరిచి ఉంచండి. కాకటీల్ చిమ్మచీకట్లో బెదిరి రెక్కలు కొట్టుకుంటుంది, గదిలో ఎక్కడో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. చీమలు గింజల వాసనకు కొక్కెం మీదుగా వస్తాయి. కొక్కేనికి పంజరం బయట, పిట్ట ముక్కు అందనంత ఎత్తున, వేసలిన్ రాయండి. స్టాండు అయితే నాలుగు కాళ్లనూ నీళ్ల గిన్నెల్లో పెట్టి, ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు పుడతాయి.