జంప్ టెస్టు అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? వాలీబాల్‌లో కాళ్ల పవర్ కొలతపై అపోహలు – వాస్తవాలు

అపోహ: గోడ మీద సుద్ద గుర్తుతో కొలిచినా, జంప్ మ్యాట్‌తో కొలిచినా వచ్చే ఎత్తు ఒకటే.

వాస్తవం: అమెరికా వ్యాయామ విద్యావేత్త డడ్లీ సార్జెంట్ 1921లో ప్రచారంలోకి తెచ్చిన గోడ పద్ధతిలో, ఎగిరి అందుకున్న ఎత్తులోంచి నిలబడి అందుకున్న ఎత్తును తీసివేస్తాం. నిలబడినప్పుడు భుజాన్ని పూర్తిగా సాచని కుర్రాడికి ఆ మిగులు రెండు సెంటీమీటర్లు జంప్ ఖాతాలో జమవుతాయి. (ఈ చిట్కా తెలియని హాస్టల్ పిల్లలు అరుదు.) మ్యాట్ మాత్రం ఎత్తును నేరుగా కొలవదు, పాదాలు గాలిలో ఉన్న సమయం నుంచి లెక్కగడుతుంది. 0.60 సెకన్లకు సుమారు 44 సెం.మీ. వస్తే, 0.62 సెకన్లకు 47 సెం.మీ. వస్తుంది. అందుచేత దిగేటప్పుడు మోకాళ్లు ముడిచిన ఆటగాడు, ఒక్క అంగుళం అదనంగా ఎగరకుండానే, మ్యాట్ లెక్కలో మెరుగైపోతాడు. మోకాళ్లు చాచి, మునివేళ్ల మీద దిగని ప్రయత్నాన్ని నేను నమోదు చేయను.

అపోహ: వాట్లు పెరిగితే కాళ్ల పవర్ పెరిగినట్టే.

వాస్తవం: ఫోర్స్ ప్లేట్ (పాదాలు నేలను నెట్టే బలాన్ని కొలిచే పలక) లేనిచోట చాలామంది వాడే సేయర్స్ సూత్రం ప్రకారం గరిష్ఠ పవర్ అంటే జంప్ సెంటీమీటర్లను 60.7తో, శరీర బరువు కిలోలను 45.3తో గుణించి, రెండింటినీ కూడి, 2055 తీసివేయగా వచ్చే వాట్లు. సెలవుల్లో మూడు కిలోలు పెరిగి, రెండు సెంటీమీటర్ల జంప్ పోగొట్టుకున్న, నెట్ మీదుగా బంతిని బాదే స్పైకర్‌కు ఈ లెక్కలో దాదాపు 15 వాట్లు పెరుగుతాయి. నెట్ మాత్రం పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్ల దగ్గరే ఉంటుంది కనుక, జంప్ ఎత్తునూ శరీర బరువునూ విడివిడిగా రాసుకోవడమే మేలు.

అపోహ: స్పైక్ జంప్ ఒక్కటి చూస్తే చాలు.

వాస్తవం: అందులో రనప్, చివరి రెండు అడుగుల లయ, చేతుల ఊపు కలిసి ఉంటాయి. కాళ్ల సంగతి తెలియాలంటే చేతులు నడుం మీద పెట్టించి, నిలబడినచోటు నుంచి కిందికి వంగి ఎగిరే జంప్ కూడా తీసుకోవాలి.

అపోహ: రెండు సెంటీమీటర్లు పెరిగితే శిక్షణ ఫలించినట్టే.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మధ్యలో కఠినమైన శిక్షణ లేకుండా, కొద్ది రోజుల తేడాతో, అదే వేళకు, అదే వార్మప్‌తో, అదే బూట్లతో, అదే నేల మీద జట్టును రెండుసార్లు పరీక్షించి, ఒక్కొక్కరి రెండు ఫలితాల మధ్య తేడాల ప్రామాణిక విచలనాన్ని (అవి సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) 2 వర్గమూలంతో, అంటే సుమారు 1.41తో, భాగిస్తే ఆ పరీక్షకు సహజంగా ఉండే ఊగిసలాట తెలుస్తుంది. అది 1.5 సెం.మీ. అని తేలితే, ఒక్క ఆటగాడిలో కనిపించిన రెండు సెంటీమీటర్ల పెరుగుదలను అప్పుడే ఎవరి ఖాతాలోనూ వేయకూడదు. కొత్తవారు మొదటి రెండు మూడు సెషన్లలో టెస్టును నేర్చుకోవడం వల్లనే మెరుగవుతారు కనుక, ఆ అంకెలను ఆరంభ స్థాయిగా తీసుకోవడం సరికాదు. పర్యవేక్షణకు మూడు ప్రయత్నాల్లో ఉత్తమమైనదాని కన్నా సగటు నిలకడగా ఉంటుంది. విశ్వసనీయతా గుణకం (రెండుసార్ల ఫలితాలు ఎంతగా సరిపోలుతున్నాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు) 0.95 వచ్చిందని మురిసిపోవడం కూడా తొందరపాటే. జూనియర్ బాలికలనూ సీనియర్ పురుషులనూ ఒకే పట్టికలో కలిపితే, వారి మధ్య ఉన్న పెద్ద అంతరం వల్లనే ఆ గుణకం పెరిగి, వ్యక్తిగత దోషాన్ని కప్పేస్తుంది.

అపోహ: ఫోర్స్ ప్లేట్ ఉంటే ఈ జాగ్రత్తలు అక్కర్లేదు.

వాస్తవం: ఎగిరే ముందు కనీసం ఒక సెకను కదలకుండా నిలబడకపోతే ప్లేట్ శరీర బరువునే తప్పుగా తీసుకుంటుంది, దాని ఆధారంగా లెక్కించే వేగం, ఎత్తు, పవర్ అన్నీ తప్పుతాయి.