ఓడ పంపే 168 బిట్లు

విశాఖలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "టేబుల్లో ఉంటే స్ట్రక్చర్డ్ డేటా, ఫొటోలూ వీడియోలూ అయితే అన్‌స్ట్రక్చర్డ్ అని రాస్తే మార్కులు వేశారు. కానీ ఫొటో కూడా కంప్యూటర్లో వరసగా పేర్చిన బిట్లే కదండీ?"

మార్కులు వేసినవాళ్లనే అడగాల్సిన ప్రశ్న! మన పాఠాల్లో నిర్వచనం ఉంటుంది, ఇలాంటి చిక్కు ఉండదు.

జవాబు ఓడల్లో దొరుకుతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడితే పోర్టులో చోటు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడలు కనిపిస్తాయి. పెద్ద వాణిజ్య ఓడలన్నిటిలో ఏఐఎస్ అనే రేడియో పరికరం ఉంటుంది. కదులుతుంటే కొన్ని సెకన్లకోసారి, లంగరు మీద ఉంటే మూడు నిమిషాలకోసారి, అది తన సంగతి 168 బిట్లలో చెబుతుంది. మొదటి 6 బిట్లు సందేశం రకం. 9 నుంచి 38 వరకు ఓడ గుర్తింపు సంఖ్య. మన దేశపు ఓడలకది 419తో మొదలవుతుంది. తర్వాతి నాలుగు బిట్లు ఓడ స్థితి: 0 అయితే ఇంజను మీద నడుస్తోంది, 1 అయితే లంగరు వేసింది. 51 నుంచి 60 వరకు వేగం, నాట్ అనే ఓడల వేగపు కొలతలో పదో వంతు లెక్కన. వేగం తెలియకపోతే ఖాళీగా వదలరు, 1023 పెడతారు. అక్షాంశానికి 27 బిట్లు. ఆ విలువ ఒకటి పెరిగితే ఓడ సుమారు 18.5 సెంటీమీటర్లు జరిగినట్టు. ఏ చోట ఏముండాలో ఓడ బయలుదేరకముందే ప్రపంచమంతా ఒప్పుకుని ఉంది. స్ట్రక్చర్ అంటే ఆ ముందస్తు ఒప్పందమే.

అదే ఓడను కైలాసగిరి మీంచి ఫొటో తీయండి. జేపెగ్ ఫైలుకీ కఠినమైన నియమాలున్నాయి, కానీ అవి రంగుల్ని తెరమీద ఎలా పరచాలో చెబుతాయి. ఓడ ఎక్కడుందో చెప్పే బిట్టు అందులో లేదు. కెమెరా కాస్త పక్కకు తిరిగితే అంకెలన్నీ మారిపోతాయి, ఓడ మాత్రం అదే. అర్థాన్ని తర్వాత తవ్వి తీయాలి, అదీ "ఓడ కావడానికి 93 శాతం అవకాశం" అన్న తరహాలోనే వస్తుంది.

ఏఐఎస్‌లోనూ ఒక కంత ఉంది. ఇంకో రకం సందేశంలో గమ్యస్థానానికి 20 అక్షరాల చోటు ఉంటుంది, సిబ్బంది చేత్తో కొడతారు. ఒకరు వైజాగ్ అంటారు, ఇంకొకరు విశాఖపట్నం అంటారు, పద్ధతిగలవారు ఐఎన్‌విటిజెడ్ అనే పోర్టు కోడ్ రాస్తారు. గడి కొలత ఖాయమే, లోపలున్నది అల్లరి.

స్థితి కూడా చేత్తో మార్చేదే. లంగరు ఎత్తాక మార్చడం మరిచిపోతే యంత్రం దాన్ని పూర్తిగా నమ్ముతుంది. అయితే లంగరు వేశానంటూ 12 నాట్ల వేగంతో పోతున్న ఓడను పట్టుకోవడానికి టేబుళ్లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో ఒక్క లైను చాలు.