పాత కారుకి ఆ ధర ఎందుకంటే

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు,

తాతయ్య ఆశీస్సులు. ఒకే ఏడాది, ఒకే మోడల్ అమెరికన్ కార్లు రెండు పక్కపక్కనే ఉంటే ఒకదానికి అంత ఎక్కువ ధర ఎందుకని అడిగారు కదా. ఫోన్లో సగమే చెప్పగలిగాను.

అప్పట్లో ప్రకటనలో వేసిన ధరకి వచ్చేది దాదాపు ఉత్త కారే. మిగతావి డీలర్ దగ్గర కూర్చుని, జాబితాలో టిక్కులు పెట్టి, విడిగా డబ్బు కట్టి తెప్పించుకోవాలి. ఫ్యాక్టరీ ఆప్షన్లంటే అవే. 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ 2,368 డాలర్లకే వచ్చింది. ఆ డబ్బుకి ఆరు సిలిండర్ల ఇంజను, మూడు గేర్లు. వీ8 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజను, పవర్ స్టీరింగ్, ఏసీ, చివరికి రేడియో కూడా అదనమే. 1955 షెవర్లేకైతే హీటర్ కూడా విడిగానే కొనుక్కోవాలి, అంత మంచు పడే దేశంలో! ఆ ఏడాదే వచ్చిన కొత్త వీ8కి ఆయిల్ ఫిల్టర్ కూడా అంతే.

1940 మోడల్ ప్యాకార్డ్ కారుకి ఏసీని ఆప్షన్‌గా పెట్టించుకోవచ్చు. అది డిక్కీలో బోలెడు చోటు తినేసేది. పూర్తిగా ఆపాలంటే బానెట్ ఎత్తి కంప్రెసర్ బెల్టు ఊడదీయాల్సిందే. 1958లో క్రైస్లర్ తన ఖరీదైన కార్లకి ఇచ్చిన క్రూయిజ్ కంట్రోల్‌ని, అంటే కారు వేగాన్ని దానంతటదే నిలకడగా ఉంచే ఏర్పాటుని, కనిపెట్టింది చిన్నప్పుడే చూపు పోయిన రాల్ఫ్ టీటర్ అనే ఇంజనీరు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి.

నాకు బాగా ఇష్టమైనది పాంటియాక్ జీటీఓ సంగతి. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజను పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం. పాంటియాక్ ఇంజనీర్ల దగ్గరేమో 389 అంగుళాల ఇంజను ఉంది. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి, ఆప్షన్‌కి అక్కర్లేదు. అందుకని 1964లో తమ టెంపెస్ట్ లెమాన్స్ కారుకి జీటీఓ పేరుతో సుమారు 295 డాలర్ల ఆప్షన్‌గా ఆ ఇంజన్ని జాబితాలో చేర్చేశారు. 5,000 అమ్ముడైతే చాలనుకున్నారు. ఆ ఏడాది 32,450 పోయాయి! ఒక ఆప్షన్ నుంచి మజిల్ కార్ల, అంటే మధ్యరకం బండికి పెద్ద ఇంజను పెట్టిన కార్ల, కాలమే మొదలైంది.

కానీ అదే జాబితాలో సీటు బెల్టు కూడా ఉండటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1956లో ఫోర్డ్ గట్టి తలుపు గొళ్లేలు అన్ని కార్లకీ ఇచ్చింది. సీటు బెల్టులకి, మెత్తటి డ్యాష్‌బోర్డుకి మాత్రం అదనంగా డబ్బు తీసుకుంది. ప్రాణం కాపాడేదాన్ని రేడియోతో పాటు అమ్మకూడదు. కొత్త కార్లన్నిటికీ బెల్టులు తప్పనిసరి చేసిన అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన 1968 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు.

ఇక ధర సంగతి. 1967 షెవర్లే కమారో కార్లలో జెడ్28 అనే ఆప్షన్‌తో వచ్చినవి 602 మాత్రమే. అంత అరుదు కాబట్టే వాటికి అంత ధర. అందుకే మామూలు కమారోకి ఆ బ్యాడ్జీలు తగిలించి అమ్మేవాళ్లు తయారయ్యారు. బ్యాడ్జీ చూసి నమ్మకండి. ఏ బండికి ఏం బిగించాలో పనివాళ్లకి చెప్పే బిల్డ్ షీట్ అనే కాగితం ఒకటి ఉండేది. చాలా కార్లలో అది సీటు స్ప్రింగుల మధ్యే ఉండిపోయింది. ఎవరైనా జెడ్28 అని చూపిస్తే ముందు ఆ కాగితం ఉందేమో అడగండి, తర్వాత ఇంజను మీద నంబరు చూడండి.

మీ తాతయ్య