కొత్త బ్లాగు ఏర్పాటు: అపోహలు - వాస్తవాలు

కొత్తగా బ్లాగు పెట్టుకునేవాళ్లు మొదటి వారమంతా థీములు (బ్లాగు పైరూపాలు), రంగులు, పైన పెట్టే బొమ్మ మార్చుకుంటూ గడుపుతారు. డొమైన్ (బ్లాగు చిరునామా) ఎవరి పేరు మీద ఉంది, లంకెలు (లింకులు) ఏ రూపంలో తయారవుతున్నాయి, రాసినదానికి నకలు ఎక్కడ ఉంటోంది అన్న ప్రశ్నలను మాత్రం రెండు నిమిషాల్లో దాటేస్తారు. థీమును ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. పోయిన చిరునామా, తెగిన లంకెలు, చెరిగిపోయిన రాతలు అంత తేలిగ్గా తిరిగి రావు. బ్లాగులు ఏర్పాటు చేసి ఇవ్వడం, పాడైనవాటిని సరిచేయడం నా వృత్తి. మరమ్మతుకు వచ్చే బ్లాగుల్లో చాలావాటి కష్టం ఆ మొదటి రోజు నిర్ణయాల్లోనే దొరుకుతుంది. అందుకే తరచుగా వినే అపోహలను ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ఉచిత బ్లాగు పనికిరాదు, హోస్టింగ్ కొనాల్సిందే

అక్కర్లేదు. హోస్టింగ్ అంటే బ్లాగును ఉంచడానికి సర్వరులో అద్దెకు తీసుకునే చోటు. బ్లాగులు పెట్టుకునే సేవ అయిన బ్లాగర్ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ చేతికి వచ్చింది, ఇప్పటికీ ఉచితమే. సర్వరు, భద్రత, అప్‌డేట్ల పని అంతా గూగులే చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ దగ్గర కొత్తవాళ్లు తికమకపడటానికి కారణం ఉంది. ఆ పేరుతో రెండున్నాయి. ఒకటి 2003లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. హోస్టింగ్ తీసుకుని దాన్ని మనమే పెట్టుకోవాలి. రెండోది 2005లో మొదలైన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనే సేవ. అక్కడ ఖాతా తెరిస్తే చాలు, సర్వరు వాళ్లదే. మొదటిదాంట్లో స్వేచ్ఛ ఎక్కువ. అప్‌డేట్లు, బ్యాకప్, భద్రత కూడా మన నెత్తినే ఉంటాయి. ఆ పనులకు నెలకు కాసేపైనా కేటాయించలేనివాళ్లకు సొంత హోస్టింగ్ వద్దనే చెబుతాను.

డబ్బు పెట్టదలచుకుంటే ముందుగా సొంత డొమైన్ మీద పెట్టండి. బ్లాగర్‌కు సొంత డొమైన్ తగిలించుకోవచ్చు, దానికి వేరే రుసుము లేదు. రేపు బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కు మారినా చిరునామా మీతోనే వస్తుంది. లంకెల రూపం కాస్త జాగ్రత్తగా కలుపుకుంటే పాఠకులకు ఇల్లు మారిన సంగతే తెలియదు. బ్లాగర్ ఉచితంగా ఇచ్చే బ్లాగ్‌స్పాట్ చిరునామా మీద ఏళ్ల తరబడి పాఠకులను కూడగట్టుకున్నవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు.

అపోహ: డొమైన్ ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే

డొమైన్‌కు గడువు ఉంటుంది. డాట్ కామ్ లాంటివాటిని ఒక్కసారికి గరిష్ఠంగా 10 ఏళ్లకు నమోదు చేసుకోవచ్చు, ఆ తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి. గడువు దాటితే రిజిస్ట్రార్ (డొమైన్‌ను నమోదు చేసే సంస్థ) కొన్ని రోజులు వెసులుబాటు ఇవ్వవచ్చు. అది కూడా దాటితే అదనపు రుసుము కట్టి వెనక్కి తీసుకోవడానికి మరో 30 రోజులు ఉంటాయి. ఆపైన 5 రోజులకు ఆ పేరు సంతలోకి వచ్చేస్తుంది, ఎవరైనా తీసుకోవచ్చు. కాస్త పేరున్న బ్లాగు చిరునామా అయితే అది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉండేవాళ్లూ ఉంటారు.

ఇంతకంటే ఎక్కువగా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. బ్లాగు పెట్టి ఇచ్చిన మిత్రుడో, బంధువో డొమైన్‌ను తన పేరు మీద, తన ఈమెయిల్‌తో నమోదు చేస్తారు. ఎవరి మనసులోనూ చెడు ఉండదు. కొన్నేళ్లకు ఆయన ఫోను నంబరు మారుతుంది, ఆ ఈమెయిల్ తెరవడం మానేస్తారు, గడువు గురించి వచ్చే హెచ్చరికలన్నీ అక్కడే పడి ఉంటాయి. రాసిన మనిషికి ఏమీ తెలియదు. ఒకరోజు బ్లాగు తెరవబోతే ఇంకెవరిదో పేజీ కనిపిస్తుంది. ఎవరు సాయం చేసినా సరే, రిజిస్ట్రార్ దగ్గర ఖాతా మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉండాలి. ఆ ఈమెయిల్ అదే డొమైన్ మీద నడిచేది కాకూడదు. డొమైన్ ఆగిపోతే ఆ ఈమెయిల్ కూడా ఆగిపోతుంది, పొడిగింపు హెచ్చరికలు మీకు చేరనే చేరవు.

అపోహ: లంకెల సంగతి సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది

తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ తప్పకుండా ఆగాలి. టపాకు (బ్లాగులో పెట్టే ఒక్కో రాతకు) తెలుగులో పేరు పెడితే వర్డ్‌ప్రెస్ ఆ పేరునే లంకెగా మారుస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది. తెలుగు లంకెలను గూగుల్ చదవగలదు కూడా. చిక్కు వేరేచోట ఉంది. తెలుగులో ప్రతి అక్షరమూ, గుణింతపు గుర్తూ, పొల్లూ యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే పద్ధతిలో) విడివిడిగా లెక్కకు వస్తాయి, ఒక్కోటి 3 బైట్లు. లంకెలో ప్రతి బైటునూ శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులుగా రాస్తారు. అంటే మనకు ఒక గుడి లేదా ఒక కొమ్ముగా కనిపించేది లంకెలో 9 స్థానాలు తీసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ టపా లంకెకు ఇచ్చే చోటు 200 స్థానాలు.

"వేసవిలో మొక్కల సంరక్షణ ఎలా చేయాలి" అని పేరు పెట్టారనుకోండి. మొదటి మూడు మాటల్లో గుణింతాలు, పొల్లులతో కలిపి 20 గుర్తులున్నాయి. అక్కడికే 180 స్థానాలు అయిపోయాయి. మాటల మధ్య గీతలు కలుపుకుని "ఎ" వరకు వచ్చేసరికి 192. తర్వాతి "ల"కు చోటు లేదు. లంకె "ఎ" దగ్గర తెగిపోతుంది. దాన్ని ఎవరికైనా పంపిస్తే చాలాచోట్ల వరుసగా శాతం గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే కనిపిస్తాయి. అది చూసి నొక్కడానికి వెనుకాడేవాళ్లు ఉంటారు. అలా వెనుకాడటం మంచి అలవాటే, తప్పు వాళ్లది కాదు.

బ్లాగర్‌లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పేరు పూర్తిగా తెలుగులో ఉంటే అది లంకెలో "బ్లాగ్ పోస్ట్" అన్న మాటనూ, పక్కన ఒక అంకెనూ పెట్టేస్తుంది. టపా దేని గురించో ఆ లంకె ఏమీ చెప్పదు.

రెండు చోట్లా మందు ఒకటే. ప్రచురించే ముందు లంకె గడిలో ఇంగ్లీషు అక్షరాలతో రెండు మూడు మాటలు మీరే టైపు చేయండి. టపా పేరు నిశ్చింతగా తెలుగులోనే ఉంచుకోండి. వర్డ్‌ప్రెస్ అయితే మొదటి రోజే సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ తెరిచి, టపా పేరు మాత్రమే వచ్చే పద్ధతిని ఎంచుకోండి. లంకెలో తేదీ ఉంటే మూడేళ్ల కిందటి మంచి టపా కూడా పాతబడినట్టు కనిపిస్తుందని నా అభిప్రాయం. వార్తలు రాసేవాళ్లకు తేదీ ఉండటమే మేలు. తర్వాత ఒక టపా లంకె మార్చాల్సి వస్తే వర్డ్‌ప్రెస్ పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్లిస్తుంది. మొత్తం పద్ధతినే మార్చినప్పుడు మాత్రం ఆ భరోసా పెట్టుకోకండి. ఇతరులు తమ పేజీల్లో మీకు ఇచ్చిన లంకెలు తెగిపోతే, తెగినట్టు మీకు ఎవరూ చెప్పరు.

అపోహ: బ్లాగు పెట్టగానే గూగుల్‌లో వచ్చేస్తుంది

కొన్ని రోజుల్లో రావచ్చు, వారాలు పట్టవచ్చు, కొన్ని పేజీలు అసలు రాకపోవచ్చు. ముందుగా చూడాల్సింది వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌లో ఒక చిన్న గడి. సెర్చ్ ఇంజిన్లను ఈ సైటుకు దూరంగా ఉంచమని చెప్పే గడి అది. తయారీలో ఉన్నప్పుడు దానికి టిక్కు పెట్టి, తర్వాత తీయడం మరచిపోయిన బ్లాగులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. బ్లాగర్ సెట్టింగ్స్‌లో కూడా ఇలాంటి మీట ఉంది. ఆ తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సేవలో) బ్లాగును చేర్చి, సైట్‌మ్యాప్ (బ్లాగు పేజీల జాబితా) చిరునామా ఇవ్వండి. 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ సైట్‌మ్యాప్‌ను తనంతట తానే తయారు చేస్తోంది, దానికోసమే ప్లగిన్ (అదనపు పనులకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) వేయనక్కర్లేదు. సైట్‌మ్యాప్ ఇచ్చినంత మాత్రాన అన్ని పేజీలనూ చూపిస్తామని గూగుల్ మాట ఇవ్వదు. పేజీలు ఎక్కడున్నాయో దానికి తెలుస్తుంది, అంతే.

ప్రతి టపాకూ కీవర్డ్స్ ట్యాగు (సెర్చ్ ఇంజిన్ల కోసం పేజీ కోడులో రాసే మాటల జాబితా) నింపమని ఇప్పటికీ సలహాలు ఇస్తున్నారు. ర్యాంకింగ్‌కు ఆ ట్యాగును వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఆ సమయం టపా మొదటి పేరా మీద పెట్టండి.

అపోహ: అందమైన థీము అయితే చాలు

చాలా థీములను ఇంగ్లీషు అక్షరాలతో చూపించి అమ్ముతారు. వాటి ఫాంటులో తెలుగు ఉండదు. బ్రౌజరు తన దగ్గరున్న ఏదో తెలుగు ఫాంటుతో సర్దుతుంది. వరుసల మధ్య ఎడం మాత్రం ఇంగ్లీషుకు సరిపోయేంతే ఉంటుంది. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి కాబట్టి పై వరుస వత్తు కింది వరుస తలకట్టుకు తగులుతుంది. థీము ఎంచుకునే ముందు "స్వాతంత్ర్యం", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటలున్న రెండు వరుసల శీర్షికను అందులో పెట్టి ఫోనులో చూడండి. ఒత్తుకుపోతుంటే లైన్ హైట్‌ను (వరుసల ఎడాన్ని) 1.7 దాకా పెంచి చూడండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగును తెలుగుకు వాడకండి, మాట విడివిడి ముక్కలుగా కనిపిస్తుంది. ఫాంటు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, మండలి, మల్లన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

జనరల్ సెట్టింగ్స్‌లో సైటు భాషను తెలుగుగా పెట్టడం కూడా ఇందులో భాగమే. పేజీ తెలుగులో ఉందని బ్రౌజరుకూ, చూపులేనివారు వాడే స్క్రీన్ రీడరుకూ దాని ద్వారానే తెలుస్తుంది. ఇంకొక మాట. యూనికోడ్ కాని పాత డీటీపీ (అచ్చుపని) ఫాంట్లలో టైపు చేసిన రచనలను అలాగే తెచ్చి అతికించకండి. ఆ ఫాంటు లేని పాఠకుడికి అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి, వెతికినా దొరకవు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి.

అపోహ: ఎన్ని ప్లగిన్లు ఉంటే అంత మంచిది

దీన్ని తిరగేసి "అయిదు దాటితే బ్లాగు నెమ్మదిస్తుంది" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. చక్కగా రాసిన పది ప్లగిన్లకన్నా నాసిరకంది ఒక్కటే ఎక్కువ బరువు కావచ్చు. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూసి వేయండి, వాడనివాటిని తీసేయండి. డబ్బుతో కొనాల్సిన థీములు, ప్లగిన్లు ఉచితంగా దొరుకుతున్నాయని ఎక్కడెక్కడి నుంచో దించుకోవడం మాత్రం వద్దే వద్దు. వాటిలో దొంగ కోడు చొప్పించి పంచడం చాలా మామూలు విషయం. అలా పాడైన బ్లాగును శుభ్రం చేయడానికి పట్టే శ్రమతో కొత్త బ్లాగునే పెట్టవచ్చు.

అపోహ: ఇంత చిన్న బ్లాగును ఎవరు హ్యాక్ చేస్తారు?

మనుషులు ఎంచుకుని చేయరు. వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీలను వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములకు చిన్నా పెద్దా తేడా లేదు. "అడ్మిన్" అన్న పేరుతో లాగిన్ పెట్టుకోకండి, పొడవైన పాస్‌వర్డ్ వాడండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి, అప్‌డేట్లను వాయిదా వేయకండి. హెచ్‌టీటీపీఎస్ (పాఠకుడికీ బ్లాగుకూ మధ్య సమాచారాన్ని భద్రంగా పంపే పద్ధతి) కోసం డబ్బు కట్టనవసరం లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది, చాలా హోస్టింగులు వాటిని ఒక్క నొక్కుతో పెట్టిస్తాయి.

అపోహ: ఎక్స్‌పోర్ట్ ఫైలు దాచుకున్నాం, బ్యాకప్ ఉన్నట్టే

దయచేసి ఇది నమ్మకండి. వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైలులో టపాలు, పేజీలు, వ్యాఖ్యలు, వర్గాలు ఉంటాయి. ఫొటోలు ఉండవు. అవి ఎక్కడున్నాయో చెప్పే లంకెలు మాత్రమే ఉంటాయి. సర్వరు పోతే ఆ లంకెలు చూపించే చోట ఏమీ మిగలదు. వంటలో, ప్రయాణాలో, కుట్టుపనో రాసేవాళ్లకు ఫొటో లేని టపా సగం టపాయే. పూర్తి బ్యాకప్ అంటే టపాలు, వ్యాఖ్యలు ఉండే డేటాబేసు ఒకటి, ఫొటోలు ఉండే అప్‌లోడ్స్ ఫోల్డరు ఇంకొకటి. థీములో, ప్లగిన్లలో మీరు చేసుకున్న మార్పులు ఉంటే అవి కూడా.

బ్యాకప్ బ్లాగున్న సర్వరులోనే ఉంటే అది పోయిన రోజు రెండూ కలిసి పోతాయి. ఒక నకలు మీ కంప్యూటర్లోనో, వేరే క్లౌడు ఖాతాలోనో ఉంచండి. ఒకసారి ఆ నకలు నుంచి బ్లాగును ఖాళీ చోట నిలబెట్టి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఫైలు సగంలోనే ఆగిపోయి ఉండవచ్చు, ఆ సంగతి అవసరం పడ్డ రోజున తెలియకూడదు.

అపోహ: వచ్చిన సెట్టింగ్స్ వచ్చినట్టే వదిలేయవచ్చు

కొన్నిటిని వదిలేయవచ్చు. టైమ్ జోన్‌ను మాత్రం సరిచూసుకోండి. లేకపోతే ఉదయం 6 గంటలకు రావాలని పెట్టిన టపా ఇంకేదో వేళకు వస్తుంది. టైమ్ జోన్ సరిగ్గా ఉన్నా కొత్త బ్లాగుల్లో అలాంటి టపాలు ఆలస్యం కావడానికి ఇంకో కారణం ఉంది. వర్డ్‌ప్రెస్ తన సమయపాలన పనులను ఎవరో ఒకరు పేజీ తెరిచినప్పుడే చూసుకుంటుంది. ఎవరూ రాకపోతే టపా కూడా ఆగి ఉంటుంది. బ్లాగు చెడిపోయిందని కంగారు పడకండి.

నమూనాగా వచ్చే "హలో వరల్డ్" టపానూ, నమూనా పేజీనీ తీసేయండి. వ్యాఖ్యలను మొదట్లో మీ ఆమోదంతోనే కనిపించేలా పెట్టుకోండి, వాటిని మూసేయడం మాత్రం వద్దు. కొత్తగా రాసేవారికి తొలి పాఠకుల మాటలు ఎంతో అవసరం.

అపోహ: అన్నీ సిద్ధమయ్యాకే రాయడం మొదలుపెట్టాలి

నేనైతే తిరగేసి చేయమంటాను. ముందు నాలుగు టపాలు రాసి డ్రాఫ్టులో ఉంచండి. మీ వాక్యాలు, మీ ఫొటోలు పెట్టి చూస్తేనే థీము సరిపోతుందో లేదో తెలుస్తుంది. వర్గాలు కూడా రాతల్లోంచే పుడతాయి. రాయకముందే పదిహేను వర్గాలు పెట్టుకుంటే అందులో చాలావాటికి ఒక్క టపా కూడా రాదు, మెనూలో ఖాళీ పేజీలు పాఠకుడికి ఎదురవుతాయి. మూడో నాలుగో చాలు. వర్డ్‌ప్రెస్ తనంతట తాను పెట్టే "అన్‌కేటగరైజ్డ్" వర్గాన్ని మామూలుగా తొలగించనివ్వదు, పేరు మార్చనిస్తుంది. మీరు ఎక్కువగా రాయబోయే విషయం పేరును దానికే పెట్టేయండి.