కాస్‌ప్లే ఫొటోలు: నన్ను అడిగేవీ, నాతో వాదించేవీ

నా అసలు పని పెళ్ళి ఫొటోలు. మండపంలో ఎవర్నీ "తియ్యనా అండీ?" అని అడగను. అడుగుతూ కూర్చుంటే జీలకర్ర బెల్లం క్షణం దాటిపోతుంది, పెళ్ళికూతురి నాన్న నా బ్యాలెన్సు డబ్బులు ఆపేస్తాడు. ఆ అలవాటుతోనే మొదటిసారి హైదరాబాద్ హైటెక్స్ ఎగ్జిబిషన్ హాల్లో కామిక్ కాన్‌కి కెమెరా వేసుకుని వెళ్ళాను. కామిక్స్, సినిమాలు, గేమ్స్ అభిమానులు కలిసే పండగ అది. అక్కడికి ఇష్టమైన పాత్రలా వేషం కట్టుకుని రావడాన్నే కాస్‌ప్లే అంటారు. అడక్కుండా తీసే అలవాటు వదలడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నాతో వాదించే మాటల్లో సగం ఒకప్పుడు నేనూ అన్నవే.

అపోహ: అంత వేషం కట్టుకుని వచ్చిందే ఫొటోల కోసం. ఇంకా అడగడమేంటన్నా?

ఇందులో సగం నిజం ఉంది, అందుకే చావదు. మూడు నెలలు ఫోమ్ షీట్లు కోసి, హీట్ గన్‌తో వంచి, వేళ్ళు కాల్చుకుని కవచం చేసుకున్నవాడికి ఫొటో కావాలనే ఉంటుంది. అయితే ఆ కవచం నిండుగా ఉన్న ఫొటో కావాలి. మధ్యాహ్నం రెండింటికి హెల్మెట్ పక్కన పెట్టి, చెమటకి విగ్గు నుదుటికి అతుక్కుపోయి, గోడకి ఆనుకుని బిర్యానీ తింటున్నప్పటిది ఎవరికి కావాలి? బాత్రూం వైపు నడుస్తున్నవాళ్ళనీ, తింటున్నవాళ్ళనీ, వేషం సర్దుకుంటున్నవాళ్ళనీ నేను తియ్యను, తియ్యనా అని అడగను కూడా అడగను.

వేషాలు మనకి కొత్తా? పగటి వేషాలవాళ్ళు గుమ్మం ముందుకొచ్చి మనం చూడాలనే ఆడతారు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, మాతంగి వేషం కట్టేవాళ్ళు మొక్కు తీర్చుకుంటున్నారు. ఎవరూ చూడకపోయినా ఆ మొక్కు చెల్లుతుంది. కాన్‌లో ఈ రెండు రకాల మనుషులూ ఉంటారు. స్టేజీ ఎక్కి బహుమతి కొట్టాలని వచ్చినవాళ్ళున్నారు, తనకిష్టమైన పాత్రలా ఒక్కరోజు తిరిగిపోదామని వచ్చిన మొహమాటస్తులూ ఉన్నారు. దూరంనుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా మెరుస్తుంటారు. ఎవరు ఏ రకమో అడిగితేనే తెలుస్తుంది.

అడక్కుండా తియ్యడం మన దగ్గరే ఉన్న గొడవ కాదు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో "కాస్‌ప్లే అంటే సమ్మతి కాదు" అని పెద్ద బోర్డులు పెట్టారు: ఒంటిమీద చెయ్యి వెయ్యొద్దు, ఫొటోకి ముందు అడగండి, వద్దంటే వదిలెయ్యండి అని. అలా బోర్డు పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు అక్కడ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. టోక్యోలో 1975 నుంచి జరుగుతున్న కామిక్ మార్కెట్ అనే కామిక్స్ సంతవాళ్ళ పద్ధతి ఇంకా గట్టిది. ఇంటినుంచి వేషంతో రాకూడదు, అక్కడి గదుల్లోనే మార్చుకోవాలి. ఫొటోలకి విడిగా చోటు కేటాయిస్తారు. అక్కడ కూడా అడిగి, లైన్లో నిలబడి, మన వంతు రాగానే నాలుగు తీసుకుని పక్కకి జరగాలి. మనవాళ్ళకి లైను అంటేనే గిట్టదు, అది వేరే సంగతి.

అపోహ: పబ్లిక్ ప్లేస్‌లో ఎవర్నైనా తీసుకోవచ్చు, చట్టం ఏమీ అనదు.

టికెట్ కొని వెళ్ళే హాలు నడిరోడ్డు కాదు. అక్కడ నిర్వాహకుల నియమాలుంటాయి, ఫిర్యాదు వస్తే బయటికి పంపించే హక్కు వాళ్ళకి ఉంటుంది.

రోడ్డు మీదైనా సరే, ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఒకసారి చదవండి. ఒక మనిషి రహస్య భాగాల్ని, లోదుస్తుల్లో ఉన్నా సరే, అనుమతి లేకుండా ఫొటో తీస్తే, పంచితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ మనిషి ఉన్నది బహిరంగ స్థలమా, సొంత ఇల్లా అన్నదానితో పనిలేదని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. స్కర్టు కింద ఫోన్ పెట్టి "పబ్లిక్ ప్లేస్ కదా" అనేవాడికి ఇదే జవాబు. ఇలాంటిది మీ కంటబడితే గమ్మున ఉండకండి. నిర్వాహకులకి చెప్పండి, హైదరాబాద్‌లో 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి.

మంచి ఉద్దేశంతో ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ జారతారు. కవచం వేసుకున్న యోధుణ్ణి మోకాలి ఎత్తునుంచి తీస్తే తాటిచెట్టంత కనిపిస్తాడు, నాకూ ఇష్టమైన యాంగిల్ అది. అదే పొట్టి స్కర్టు వేసుకున్న పాత్ర ముందు అలవాటుగా మోకాళ్ళమీద కూర్చున్నారంటే, మీ మనసులో ఏముందో ఎదుటివాళ్ళకి తెలిసే దారి లేదు. కూర్చోకముందే "కిందినుంచి ఒకటి తియ్యొచ్చా?" అనండి. వద్దంటే ఛాతీ ఎత్తునుంచి తీసుకోండి, ఫొటోకి వచ్చిన నష్టమేం లేదు.

ఇంకోటి. నేను చూసిన చెత్త ఫొటోల్లో ఎక్కువ భాగం ఏ సెక్షన్‌కీ అందవు. అయినా చెత్తవే.

అపోహ: ఒకసారి సరే అన్నారంటే అన్నింటికీ సరే అన్నట్టే.

నా తప్పు ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కింద ఒక అమ్మాయిని అడిగే తీశాను. బాగా పోజిచ్చింది, స్క్రీన్ మీద చూసి మురిసిపోయింది. మాటల్లో పేరు చెప్పింది. రాత్రి ఫొటో పెట్టి, కింద ఆ పేరు కూడా రాశాను. మర్యాద చేస్తున్నాననుకున్నాను. మర్నాటికల్లా ఆ ఫొటో వాళ్ళ చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఉంది. కాస్‌ప్లే చేస్తానని ఆమె ఇంట్లో చెప్పలేదు. తన పేజీకి పెట్టుకున్నది వేరే పేరు. "అన్నా, ఫొటోకి ఒప్పుకున్నాను గానీ దీనికి కాదు" అని మెసేజ్ పెట్టింది. తీసేశాను. వాళ్ళ బాబాయిగారి ఫోన్లోంచి మాత్రం తియ్యలేకపోయాను.

అప్పట్నుంచి విడివిడిగా అడుగుతున్నాను. తియ్యనా? ఆన్‌లైన్‌లో పెట్టనా? ఏ పేరుతో ట్యాగ్ చెయ్యను? మూడింటికీ కలిపి పట్టేది పది సెకన్లు. ముఖం సన్నం చెయ్యడం, రంగు తెల్లబరచడం, నడుం నొక్కడం లాంటి ఎడిటింగ్ వాళ్ళు కోరితే తప్ప ముట్టుకోను.

తియ్యడానికి ఇచ్చిన ఒప్పుకోలు వేరు, పంచడానికి వేరు అన్న మాట చట్టంలోనూ ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఆడవాళ్ళ ఏకాంత దృశ్యాల గురించి చెప్తుంది. అలాంటి చిత్రం తియ్యడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకి పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే. కాన్ ఫొటోలకి ఆ సెక్షన్ వర్తిస్తుందని నేననడం లేదు. ఈ రెండూ ఒకటి కావన్న ఇంగితం మనకంటే ముందు చట్టం రాసినవాళ్ళకి తట్టిందంటున్నాను.

అపోహ: క్లిక్ నాది, ఫొటో నాది, ఏమైనా చేసుకుంటాను.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకి కర్త దాన్ని తీసినవాడే, నిజమే. తమాషా ఏంటంటే, నా పెళ్ళి ఫొటోలకి మొదటి హక్కుదారు నేను కాదు. డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళే, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. కాన్‌లో ఊరికే తీసినదానికి మాత్రం నేనే. అయితే కాపీరైట్ అంటే ఆ ఫొటో ఇంకొకరు నన్ను అడక్కుండా వాడుకోకూడదని. అందులో ఉన్న మనిషి మీద నాకు పట్టా రాసిచ్చినట్టు కాదు. నా పద్ధతి: తీసెయ్యమని అడిగితే కారణం అడక్కుండా తీసేస్తాను. ఫొటో ఎంత బాగా వచ్చినా అంతే. ఒకసారి ఏడుపొచ్చింది కూడా.

అపోహ: ఇదంతా ఆడపిల్లల గొడవ.

ఒంటికి అతుక్కునే స్పైడర్‌మ్యాన్ సూట్ వేసుకున్న ఏ కుర్రాణ్ణైనా అడగండి, ఎంతమంది వీపు చరిచారో, ఎక్కడెక్కడ గిల్లారో చెప్తాడు. ముసుగు లోపల వాడికి పక్కలు కనిపించవు, సరిగ్గా వినిపించదు. అందుకని వెనకనుంచి భుజం తట్టకుండా ఎదురుగా వెళ్ళి చెయ్యి ఊపండి. పిల్లల విషయంలో ముందు అమ్మానాన్నలు, తర్వాత పిల్లలు. ఇద్దరూ సరే అనాలి.

అపోహ: అడిగితే క్యాండిడ్ (పోజు లేని సహజమైన ఫొటో) చచ్చిపోతుంది.

చావదు. తీశాక వెళ్ళి చూపించండి, వద్దంటే వాళ్ళ ముందే చెరిపెయ్యండి. లేదా ముందే "కాసేపు ఇక్కడే ఉంటాను, మీ పని మీరు చేసుకోండి" అని చెప్పి పక్కకి తప్పుకోండి. ఐదు నిమిషాల్లో మిమ్మల్ని మరిచిపోతారు, పెళ్ళిళ్ళలో మరిచిపోయినట్టే.

పైగా అడగని ఫొటో ఎలా వస్తుందో నా పాత హార్డ్ డిస్కు నిండా ఉంది: వంకర విగ్గు, జారిన భుజం ప్లేటు, చేతిలో కత్తికి బదులు వాటర్ బాటిల్. మొన్నటి కాన్‌లో కారిడార్ చివర ఒక్కడే నిలబడ్డ రాక్షసుణ్ణి "తియ్యొచ్చా బ్రో?" అనడిగాను. "ఒక్క నిమిషం అన్నా" అని బ్యాగులోంచి రెక్కలు తీశాడు. రెండువైపులా కలిపి ఆరడుగులుంటాయి. వాటిని బిగించడానికి నన్నే సాయం పట్టమన్నాడు.