బాణలి నూనెతో విమానం

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి పొడవునా హోటళ్లలో పూరీలు, బజ్జీలు, పులిబొంగరాలు వేగుతూనే ఉంటాయి. చివరికి మిగిలే నల్లటి నూనెతో విమానం నడపవచ్చు.

ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బరువు పెరగడానికి కారణం గాలిలోంచి వచ్చి కలిసే ఆక్సిజన్. కారుకు పెట్టినట్టు బ్యాటరీ పెడదామంటే, కిలో ఇంధనంలో 43 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది; కిలో లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు ఒక్క మెగాజౌల్. దూరప్రయాణపు విమానం ఆ బరువు మోయలేదు. కాబట్టి ఇంధనమే మారాలి.

నూనె అణువులో మూడు పొడవాటి కార్బన్ గొలుసులు ఉంటాయి, వాటితోపాటు ఆక్సిజన్ కూడా. వాడిన నూనెను వడగట్టి, శుద్ధి చేసి, అధిక వేడి, పీడనాల వద్ద ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌తో కలిపితే ఆక్సిజన్ చాలావరకు నీరుగా విడిపోతుంది. పని అక్కడితో అయిపోదు. మిగిలిన తిన్నని గొలుసులు చలికి గడ్డకడతాయి. పది కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 50 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అందుకే గొలుసులను పొట్టిగా తెంచి, వాటికి కొమ్మలు వచ్చేలా చేస్తారు. అప్పుడది మామూలు ఇంధనంలో సగం దాకా కలుపుకోదగినదవుతుంది, ఇంజన్ మార్చనక్కరలేదు. పొగగొట్టం నుంచి కార్బన్ వస్తూనే ఉంటుంది గానీ, అది మొక్కలు గాలిలోంచి తీసుకున్నదే. తయారీ, రవాణా లెక్కలన్నీ కలిపినా ఉద్గారాలు 80 శాతానికి పైగా తగ్గుతాయి.

మన దేశంలో 2018 ఆగస్టులోనే డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి జీవ ఇంధనం కలిపి విమానం నడిపారు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2, 2030లో 5 శాతం ఇలాంటిది కలపాలన్నది ప్రభుత్వ లక్ష్యం.

వరిగడ్డి, జామాయిల్ కొమ్మల నుంచి కూడా ఈ ఇంధనం తీయవచ్చు. అయితే గడ్డి విషయంలో నాకొక పట్టుదల ఉంది: ముందు పశువులు, తర్వాతే విమానాలు. ఒంగోలు గిత్తల సీమలో మేత ధర పెంచే ఏ పథకమూ నాకు సమ్మతం కాదు. పొలంలో తగలబెట్టే గడ్డినే తీసుకోవాలి.

నూనెకు ఆ చిక్కు లేదు. పదేపదే కాచినప్పుడు నూనె చెడి పుట్టే పదార్థాలు (ధ్రువ సమ్మేళనాలు) 25 శాతం దాటిన నూనెను మళ్లీ వంటకు వాడకూడదని ఆహార భద్రతా నిబంధన ఇప్పటికే ఉంది. అయినా దాన్ని చౌకగా కొని మళ్లీ కాచేవాళ్లున్నారు. వాళ్లిచ్చే దానికంటే ఇంధన కర్మాగారం పైసా ఎక్కువిచ్చి, హోటల్ గుమ్మం దగ్గరికే బండి పంపాలి. నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయం కట్టాలనుకుంటున్నారు కదా, ఆ సేకరణ ఏర్పాటు రన్‌వేతోపాటే మొదలుకావాలి.